గుడి లేచింది, నేల మునిగింది

చైనాలోని హుబే రాష్ట్రంలో వుడాంగ్ కొండలున్నాయి. తావో మతానికి పేరున్న చోటు. 1612 మీటర్ల శిఖరం మీద బంగారు మండపం ఉంటుంది. చూస్తే చెక్కతో కట్టినట్టే ఉంటుంది కానీ అంతా రాగి మిశ్రమం, పైన బంగారు పూత. 1416లో మింగ్ చక్రవర్తి యోంగ్‌లె కట్టించాడు. భాగాలు విడిగా పోతపోసి, కొండ ఎక్కించి, పైన బిగించారు. మన భాషలో ప్రీఫ్యాబ్!

తావో చెప్పేది క్లుప్తంగా ఇది: ప్రకృతితో కొట్లాడకు, దాని దారి చూసి నడువు. అందుకే ఇక్కడి గుళ్లు కొండ వాలుని బట్టి ఒదిగి ఉంటాయి. నాన్‌యాన్ గుడి అయితే కొండచరియకే అతుక్కుని ఉంటుంది.

మరి నీళ్లే గుడి మీదికి వస్తే? కొండ కింద యూజెన్ గుడి ఉంది. దాని ప్రధాన మందిరం 2003లోనే కాలిపోయింది. తర్వాత బీజింగ్ వైపు నీళ్లు పంపడానికి డాన్‌జియాంగ్‌కౌ డ్యామ్ ఎత్తు పెంచారు. మిగిలిన గుడి మునిగే పరిస్థితి. విప్పి వేరే చోట కడితే అది పాత కట్టడం అనిపించుకోదు. అందుకే ఇంజినీర్లు ద్వారాలను జాకీలతో ఉన్నచోటే 15 మీటర్లు పైకి లేపారు. 2013 కల్లా ఆ పని అయింది.

గుడి దక్కింది, దూరాన ఊళ్లకి తాగునీరు అందింది. చుట్టుపక్కల పల్లపు నేల మాత్రం నీటిపాలైంది. కొండని, నేలని చూసుకుని కట్టిన గుడికి ఆ నేల కూడా ఒక భాగమే కదా!

రేపు మనం ఏ ప్రాజెక్టుకైనా రిక్వైర్‌మెంట్స్ రాసేటప్పుడు, కాపాడాల్సిన వాటిలో 'కట్టడం' పక్కన 'చుట్టూ ఉన్న చోటు' అని ఇంకో లైన్ కూడా రాద్దాం.