ముందుచూపును సమయస్ఫూర్తియు
(రొయ్యల చెఱువు నేర్పు పాఠము)

"నిదానమే ప్రధానము" అని మన పెద్దలు చెప్పిరి. "ఆలస్యము అమృతము విషము" అనియు వారే చెప్పిరి. విద్యార్థులారా, ఈ రెండు సామెతలను ప్రక్కప్రక్కన నుంచి చూచినయెడల ఒకదాని నొకటి ఖండించునట్లు తోచును. పనికి ముందుగా ఆలోచించి ఏర్పాటు చేసికొనవలెనా, లేక వేళ వచ్చినపుడు తటాలున నిర్ణయింపవలెనా? స్వంతముగ వ్యాపారము పెట్టుకొన్నవానికి ఈ ప్రశ్న ప్రతిదినమును ఎదురగును. దీనికి సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. మన నెల్లూరు తీరముననే, రొయ్యల చెఱువుల గట్లమీద, అది మనకు లభించును.

పంటకు పూర్వము

రొయ్యల సాగు చూచుటకు సేద్యమువలె నుండినను, నిజమునకు పెట్టుబడి, అప్పు, ఎగుమతి బేరము కలిసిన వ్యాపారము. చెఱువులో పిల్లను విడుచుటకు చాల ముందే రైతు పని మొదలగును. పాతనీరు తీసివైచి, అడుగు నెండగట్టి, నల్లమట్టి తొలగించి, సున్నము చల్లి, క్రొత్తనీటిని వడగట్టి నింపవలెను. హేచరీనుండి తెచ్చు పిల్లకు వైరసు లేదని పి.సి.ఆర్. పరీక్షవలన తెలిసికొనవలెను. ఎకరమునకు ఎంత పిల్ల, ఎన్ని ఏరేటర్లు, ఎంత మేత, కరెంటు పోయిన జనరేటరునకు ఎంత డీజిలు కావలెనో లెక్క వ్రాసికొనవలెను. వనామీ రొయ్య పట్టుబడికి వచ్చుటకు రమారమి మూడు నాలుగు మాసములు పట్టును. కావున ఈశాన్య ఋతుపవనములు వీచు అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో చెఱువునం దేమి యుండునో, పిల్లను విడుచునాడే తలపోయవలెను. 2015, 2021 సంవత్సరముల నవంబరు మాసములందు మన జిల్లాకు వచ్చిన వఱదలను చూచినవారికి దీని అవసరము వేఱుగ చెప్పనక్కఱలేదు.

తెల్లవాఱుజామున

అయితే ఇల్లలుకగానే పండుగ కాదు. పగటివేళ నీటిలోని సూక్ష్మమైన పచ్చని నాచు సూర్యకాంతివలన ప్రాణవాయువును పుట్టించును. రాత్రియం దా నాచును, రొయ్యలును, అడుగున క్రుళ్లు పదార్థమును గూడ ఆ వాయువునే వాడుకొనును. అందుచేత సూర్యోదయమునకు ముందు అది మిక్కిలి తగ్గును. మబ్బు పట్టిన దినములలో మఱింత తగ్గును. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకంటె తక్కువైనపుడు రొయ్యలకు బాధ మొదలగును. అవి గట్టువారకు చేరి పైకి తేలుచున్నయెడల, కావలివాడు ఊరిలోనికి పోయి యజమానుని లేపి సెలవు పుచ్చుకొను వ్యవధి యుండదు. ఆ క్షణమే ఏరేటర్లన్నియు నడపవలెను. ఉదయపు మేత నాపవలెను.

ఇది సమయస్ఫూర్తి. కాని యొక విషయము గమనింపుడు. డీజిలు పూర్వమే కొని యుంచనివానికి ఆ వేళ ఎంత స్ఫూర్తి కలిగినను ప్రయోజనమేమి? "ఈ లక్షణము కనబడినయెడల నన్నడుగక ఈ పని చేయుము" అని కావలివానికి పగటిపూటనే చెప్పి యుంచనివాడు, తెల్లవాఱినపిమ్మట ఎవరిని నిందింపగలడు? రాత్రి తీసికొను త్వరిత నిర్ణయమునకు బలము పగలు చేసిన ఏర్పాటే.

మేత విషయమును అట్టిదే. ఇన్ని దినముల రొయ్యకు ఇంత మేత యని పట్టిక కలదు. అయినను రైతు చెక్ ట్రేలో కొంచెము మేత యుంచి, కొంతసేపటికి పైకెత్తి చూచును. మేత మిగిలినయెడల తరువాతి పూట తగ్గించును. లేనిచో మిగిలినది క్రుళ్లి నీటిని చెఱచును. పట్టిక ముందుచూపు, ట్రేను ఎత్తి చూచుట సమయస్ఫూర్తి. ఈ రెండింటిలో దేనిని విడిచినను నష్టమే.

1994వ సంవత్సరపు పాఠము

1990 తరువాతి తొలి సంవత్సరములలో టైగర్ రొయ్యకు విదేశములందు మంచి ధర పలికెను. కండలేరు ఉప్పుటేటి యొడ్డున చెఱువులు దట్టముగ వెలసెను. గాలి యున్నప్పుడే తూర్పారబట్టవలెనని తలచి, పొరుగువాని లాభము చూచి, ఆలోచింపక దిగినవారును, నీటి శక్తికి మించి పిల్లను విడిచినవారును కలరు. ఒకరు విడిచిన మురికినీటినే మఱియొకరు తోడుకొనుచుండిరి. 1994లో తెల్లమచ్చల వైరసు వ్యాధి తూర్పుతీరమున ప్రబలెను. ఆ వ్యాధి సోకిన చెఱువు 3 మొదలు 10 దినములలో పూర్తిగ నశింపవచ్చును. ఎన్నో కుటుంబములకు చెఱువు పోయి అప్పు మిగిలెను.

ఉప్పునీటివలన వరిపొలములును మంచినీటి బావులును చెడుచున్నవని తమిళనాటి సర్వోదయ సేవకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టు నాశ్రయించెను. 1996 డిసెంబరు 11వ తేదీన ఆ న్యాయస్థానము తీరప్రాంతపు రొయ్యల సాగును కఠినముగ కట్టడి చేయుచు తీర్పు చెప్పెను. 2005లో తీరప్రాంత ఆక్వా సాగునకు ప్రత్యేక చట్టము వచ్చెను. 2009లో వనామీకి అనుమతి నిచ్చినపుడు, వ్యాధి లేని తల్లిరొయ్యలనే తెచ్చి, ముందుగా వేఱుగ నుంచి పరీక్షింపవలెనని ప్రభుత్వము నియమించెను.

ఆలోచింపక దిగినవారు చేసినది సమయస్ఫూర్తి యనవచ్చునా? అనరాదు. అది తొందర. సమయస్ఫూర్తి తన చెఱువును చూచి పుట్టును. తొందర పొరుగువాని చెఱువును చూచి పుట్టును.

ఎచ్చట మార్చవచ్చును, ఎచ్చట మార్చరాదు

కావున నిర్ణయములను మూడు తెగలుగ విభజించుకొనుట మేలు. మొదటిది, మరల సరిదిద్దుకొనగలది. నేడు మేత తగ్గించిన రేపు పెంచవచ్చును. ఇట్టిదానియందు జాగు కూడదు. రెండవది, సరిదిద్దరానిది. విడిచిన పిల్లను వెనుకకు తీయలేము. చేసిన అప్పును చేయనట్లు కొట్టివేయలేము. ఇట్టిదానిని ఒకరాత్రి ఉత్సాహములో నిర్ణయింపరాదు. మూడవది, ఇతరులకు సంబంధించినది. వ్యాధి సోకిన చెఱువునీటిని శుద్ధిచేయక ఉప్పుటేటిలోనికి విడుచుట తన యిష్టముమీద నాధారపడిన పని కాదు. అది ఊరివారందఱి నీరు.

మఱి పట్టుబడి ఎప్పుడు? కిలోకు 100 రొయ్యలు తూగిన 100 కౌంటు, 50 తూగిన 50 కౌంటు అందురు. రొయ్య పెరిగినకొలది ధర హెచ్చును; నిలిపినకొలది అపాయమును హెచ్చును. "ఈ గుర్తు కనబడిన ఆ దినమే వల దించెదను" అని ముందే నియమము పెట్టుకొన్నవానికి ఆశ అడ్డుపడదు.

ఇంత చేసినను ఊహింపనిది రావచ్చును. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులలో పెక్కింటిపై అదనపు సుంకమును 50 శాతము చేసినపుడు, మన రొయ్యకు ముఖ్యమైన ఆ బేరము తలక్రిందయ్యెను. అట్టి దినమున ఉన్నదంతయు ఒకే పంటకు ఒడ్డక కొంత చేత నుంచుకొన్నవాడే, ఆగవలెనో సాగవలెనో తానై యెంచుకొనగలడు. తక్కినవారి నిర్ణయమును అప్పులవాడే చేయును.

చదువునకును ఈ న్యాయమే వర్తించును. పరీక్షకు ముందు నెలలతరబడి చదివినవానికే, తెలియని ప్రశ్న వచ్చినపుడు సమాధానము స్ఫురించును. నిదానము చేయవలసిన కాలము పిల్లను విడుచుటకు పూర్వము. ఆలస్యము విషమగు కాలము రొయ్య తేలిన తరువాత. మన పెద్దల రెండు సామెతలును సత్యములే.

అభ్యాసము

1. చెఱువులో ప్రాణవాయువు సూర్యోదయమునకు ముందు ఏల తగ్గును?
2. సమయస్ఫూర్తికిని తొందరకును భేద మేమి?
3. మీ యింటివారి వృత్తిలో సరిదిద్దరాని నిర్ణయ మొకటి ఏదో మీ తల్లిదండ్రుల నడిగి వ్రాయుడు.