మొగలిపొద

కోనసీమ యనగానే కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు మన కన్నులకు గట్టును. గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న ఈ సీమలో మనుష్యుడు నాటి పెంచిన చెట్లే యెక్కువ. అయినను ఎవ్వరును నాటకయే, నీరు పోయకయే, ఉప్పుగాలికి ఎదురు నిలిచి పెరుగు పొద యొకటి కలదు. అదియే మొగలి. సంస్కృతమున దీనిని కేతకి యందురు.

వసిష్ఠ అంతర్వేదియొద్దను, వైనతేయ ఓడలరేవునొద్దను సముద్రమును గలియుచున్నవి. తీరమునకు పోవుకొలది ఒండ్రునేల తగ్గి ఇసుకనేల వచ్చును. ఇసుకదిబ్బలు, ఉప్పుటేళ్ళ గట్లు, కాలువల యొడ్డులు మొగలికి పుట్టిండ్లు. అది సాధారణముగా రెండు మూడు నిలువుల యెత్తు పెరుగును. ఆకులు కత్తులవలె పొడవై యుండును. వాని యంచులయందును, నడిమి యీనె వెనుకను ముండ్లుండును. కాండమునుండి లావైన వేళ్ళు ఊడలవలె దిగి నేలను పట్టుకొనును.

ఈ వేళ్ళ వలననే మనకు గొప్ప మేలు కలుగుచున్నది. సముద్రపుగాలి ఇసుకను ఎగురగొట్టునపుడు పొద గుబురు దాని వేగమును తగ్గించును. గాలి తెచ్చిన ఇసుక అచటనే రాలిపోవును. మొదలు ఇసుకలో పూడినకొలది కాండము క్రొత్తవేళ్ళు దింపి పైకి లేచును. ఇట్లు దిబ్బ నిలిచి, వెనుకనున్న తోటలపై ఇసుక మేటవేయుట తగ్గును. 1996 నవంబరు 6వ తేదీ నాటి తుపాను కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చినది. అట్టి తుపానును మొగలి ఆపజాలదు. కాని ఏడాది పొడవునను వీచు గాలికి దిబ్బ కరగిపోకుండ కాచును. దిబ్బయే కరగినచో ఊరికి సముద్రమునకు నడుమ అడ్డేమి యుండును?

మొగలిలో మగపొదలు, ఆడపొదలు వేఱువేఱుగా నుండును. వర్షకాలమున మగపొదలు పూచును. స్త్రీలు జడలో ముడుచుకొను సువాసనగల రేకులు ఈ మగపూవులవే. వాని పుప్పొడిని గాలి ఆడపొదలకు చేర్చును. ఆడపొద అనాసను బోలిన కాయ కాయును; అది పండి ఎఱ్ఱబారును. ఆ పండుముక్కలు పీచుతో నిండినవగుటచే ఉప్పునీటిపై తేలుచు దూరతీరములకును పోయి మొలకెత్తగలవు.

1936 వరకు తెలుగు జిల్లాలతోపాటు మద్రాసు రాజధానిలో నుండి, నేడు ఒడిశాలోనున్న గంజాం జిల్లాలో రైతులు పొలము గట్లపై మొగలిని పెంచుదురు. పూవులను నీటితో రాగిపాత్రలలో కాచి, ఆవిరిని చల్లార్చి పన్నీరును, అత్తరును దీయుదురు. మగపొద పిలకను నాటినచో మగపొదయే పెరుగును గనుక వారు అట్టి పిలకలనే యెంచి నాటుదురు. ఒకచోట ముండ్లకంప యని నఱకబడునది వేఱొకచోట జీవనాధారమైనది.

మొగలిడొంకలో పాములుండునని భయపడి కొందఱు దానిని తగులబెట్టుదురు. పాము పూవాసనకు వచ్చునని లోకులందురు గాని, చల్లని నీడయు, అచట తిరుగు ఎలుకలు, కప్పలును దానికి చాలును. కావున బాలబాలికలారా, డొంకలో చేయి పెట్టకుడు. దారి కడ్డమైన కొమ్మను మాత్రము పెద్దలచేత కొట్టింపుడు. దిబ్బమీది పొదను మొదలంట పెఱుకనీయకుడు. పొదను నఱకుటకు ఒక పూట చాలును. చెదరిన దిబ్బ మరల నిలుచుటకు ఏండ్లు పట్టును.