వృద్ధుల శుశ్రూషా గృహములు – నిర్వహణ వ్యయము

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి మన దేశమున అరువది యేండ్లు నిండినవారు పది కోట్లకు పైగా నుండిరి. సంతానము ఉద్యోగములకై దూరప్రాంతములకు పోవుటచే, మంచము పట్టిన వృద్ధులకు పరిచర్య చేయు గృహముల యవసరము పెరుగుచున్నది. అట్టి గృహములలో నెల రుసుము ఒకచోట తక్కువగాను, వేరొకచోట ఎక్కువగాను ఉండుటకు గల కారణములను నిర్వాహకులే గాక, వృద్ధుల బంధువులును తెలిసికొనవలెను.

సిబ్బంది: వ్యయములో పెద్ద భాగము జీతములదే. వారమునకు 168 గంటలు. దినమునకు 8 గంటల చొప్పున ఆరు దినములు పనిచేయు ఆయా 48 గంటలు మాత్రమే పనిలో నుండును. కావున రేయింబవళ్లు ఒక్క ఆయా యుండవలెనన్నను ముగ్గురు చాలరు. సెలవులనుకూడ లెక్కించినచో నలుగురు కావలెను. అనగా, నలుగురు ఆయాలు గల గృహమున ఏ వేళనైనను పనిలో నుండునది ఇంచుమించు ఒక్కరే. నర్సుల విషయమునను లెక్క యిదియే.

వృద్ధుల స్థితి: తమంతట తాము నడచి, స్నానము చేసి, భుజింపగలవారికి కొద్దిపాటి సహాయము చాలును. పక్షవాతముచే మంచము పట్టినవారిని ప్రక్కకు త్రిప్పుటకు, శుభ్రపరచుటకు, తినిపించుటకు ఎక్కువ సమయము పట్టును. మతిమరుపు వ్యాధి ముదిరినవారిని రాత్రివేళలందును కనిపెట్టి యుండవలెను. ఇట్టివారి సంఖ్య పెరిగినకొలది వ్యయము పెరుగును.

నిండిన మంచములు: అద్దె, కావలి, దీపముల వ్యయము మంచములు ఖాళీగా నున్నను తగ్గవు. నెలకు 50,000 రూపాయల అద్దె గల గృహమున 25 మంది యున్నచో తలకు 2,000 రూపాయలు పడును. 20 మందియే యున్నచో 2,500 రూపాయలగును. ఆహారము, మందుల వ్యయము మాత్రము మనుషుల సంఖ్యనుబట్టి మారును.

పొదుపు చేయదగనివి: కదలలేనివారిని తరచుగా, సాధారణముగ రెండు గంటల కొకసారి, ప్రక్కకు త్రిప్పకున్నచో ఒత్తిడివలన పుండ్లు పడును. ఒక ఆయా జీతమును మిగిల్చిన గృహము ఆ పుండ్లకు కట్లు కట్టుటకును, మందులకును అంతకు మించి వెచ్చింపవలసి రావచ్చును. వృద్ధులు పడు బాధకు వెల కట్టజాలము. స్నానపుగదిలో పట్టుకొను కమ్మీలు, జారని నేల, రాత్రి దీపము – వీనికగు ఖర్చు స్వల్పము. జారిపడి తుంటియెముక విరిగినచో అగు ఖర్చు అధికము. సబ్బు, నీరు, చేతుల శుభ్రత యిట్టివే. పొదుపు కోరువారు ధాన్యము, పప్పులు మొత్తముగ కొనుటలోను, విద్యుచ్ఛక్తి వాడుకలోను, పరికరములను సకాలమున బాగుచేయించుటలోను దానిని సాధింపవచ్చును.

నిరుపేదలు: 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, జిల్లాకు కనీస మొకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకైనను వసతి గల గృహములను రాష్ట్ర ప్రభుత్వములు క్రమముగ స్థాపించుటకు వీలు కల్పించినది. రుసుము లేని గృహమునను వ్యయము తప్పదు. దానిని ప్రభుత్వమో దాతలో భరింపవలెను. విరాళములు సాధారణముగ పండుగలకు, పుట్టినరోజు భోజనములకు వచ్చును. నెలనెల జీతములకు ఇచ్చు దాత అంతకంటె నెక్కువ మేలు చేయువాడగును.

కావున వృద్ధులను చేర్పించువారు రుసుము ఎంతయని మాత్రమే అడుగక, రాత్రి పనిలో ఎందరుందురు, మంచము పట్టినవారు ఎందరు, డాక్టరు ఎన్నాళ్ల కొకసారి వచ్చును అని విచారింపవలెను. తక్కువ రుసుము దేనిని తగ్గించుటవలన వచ్చినదో తెలిసినపుడే అది లాభమో నష్టమో తేలును.