సూర్యుడిపై అయస్కాంత తాళ్లు పురి తిరిగేదెలా?

2024 మే 10-11 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. సాధారణంగా ధ్రువప్రాంతాల్లో కనిపించే ధ్రువకాంతి అది. సూర్యుడిపై ఏఆర్ 13664 అనే క్రియాశీల ప్రాంతం నుంచి వరుసగా వెలువడిన ప్లాస్మా మేఘాలు భూమిని తాకడమే ఇందుకు కారణం.

క్రియాశీల ప్రాంతం అంటే?

సూర్యుడిపై అయస్కాంత క్షేత్రం చాలా బలంగా ఉండే చోటు. సూర్యమచ్చలు ఇక్కడే ఏర్పడతాయి. మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో జార్జ్ ఎల్లరీ హేల్ కనుగొన్నారు. పెద్ద మచ్చలో అది 2,000 నుంచి 3,000 గాస్ వరకు ఉంటుంది. భూమి ఉపరితలంపై ఉండేది సుమారు అర గాస్ మాత్రమే.

పురి ఎలా పడుతుంది?

ప్లాస్మా కదిలితే బలరేఖలూ దానితోపాటే కదులుతాయి. సూర్యుడు మధ్యరేఖ వద్ద సుమారు 25 రోజులకు, ధ్రువాల దగ్గర సుమారు 35 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు. ఈ తేడా వల్ల లోపలి బలరేఖలు సాగి, కట్టలుగా మారి, కమానుల్లా పైకి తేలుతాయి. కొన్ని కట్టలు లోపలే కొంత మెలి తిరిగి వస్తాయి.

మిగతా పురి ఉపరితలంపై పడుతుంది. ఉత్తర, దక్షిణ ధ్రువత గల మచ్చలు సరిహద్దు వెంట ఎదురెదురు దిశల్లో జరిగితే కమానులు ఏటవాలుగా వాలిపోతాయి. తర్వాత ఆ మచ్చలు దగ్గరైనప్పుడు పక్కపక్క కమానుల పాదాలు కలుసుకుంటాయి. అక్కడ రేఖలు తెగి, కొత్తగా అతుక్కుంటాయి. చిన్న రేఖ లోపలికి మునిగిపోతుంది. పొడవైనది పైన చుట్టుకుంటుంది. ఇది పదేపదే జరిగితే నులక తాడులాంటి నిర్మాణం తయారవుతుంది. పైనున్న కమానులు దాన్ని అణచి ఉంచుతాయి. పురి మితిమీరినా, ఆ పట్టు సడలినా తాడు ప్లాస్మాతో సహా ఎగసిపోతుంది.

మనకెందుకు?

ఆ మేఘంలోని క్షేత్రం దక్షిణ దిశగా ఉంటే భూమి క్షేత్రంతో సులభంగా ముడిపడి, శక్తి లోపలికి చొరబడుతుంది. 1989 మార్చిలో కెనడాలోని క్యుబెక్‌లో సుమారు 60 లక్షల మందికి 9 గంటలపాటు కరెంటు పోయింది ఇలాంటి సౌర తుఫానువల్లే.

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఈ క్షేత్రం దిశను కొలుస్తోంది. కానీ మేఘం అక్కడి నుంచి మనల్ని చేరడానికి పట్టేది గంట, వేగంగా వస్తే ఇంకా తక్కువ. సూర్యుడిపై ఉండగానే తాడు పురి ఎటు తిరిగిందో తెలిస్తే ఒకటి, రెండు రోజుల ముందే జాగ్రత్తపడవచ్చు. పరిశోధకుల ప్రయత్నమంతా అందుకే.