మధ్యాహ్నం మొరాయించే డీజిల్ కారు

ప్రశ్న: పొద్దున చిలకలూరిపేటలో ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యే కారు, గుంటూరు మిర్చి యార్డు బయట గంటసేపు ఎండలో ఆపితే చాలాసేపు సెల్ఫ్ కొడితేగానీ అందుకోవడం లేదు. బ్యాటరీ మార్చాలా? – ఒక రైతు

జవాబు: ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందు సెల్ఫ్ శబ్దం వినండి.

మోటారు ఈడ్చుకుంటూ తిరిగితే లోపం కరెంటు వైపు. రాగి 10 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 4 శాతం పెరుగుతుంది, కాబట్టి పొద్దున కనిపించని తుప్పు మధ్యాహ్నం బయటపడుతుంది. బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ వైరు బోల్టు విప్పి, గీకి, బిగించాలి. బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడితే అప్పుడు దాన్ని అనుమానించాలి.

చురుగ్గా తిరుగుతూనే అందుకోకపోతే ఇంధనం సంగతి చూడాలి. మీ కారుది ఇదేనని నా అనుమానం. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన ఇంజెక్టర్ల రిటర్నులోకి ఎక్కువగా పోతుంది; కామన్ రైలులో చాలినంత ఒత్తిడి లేవదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఒక్కో ఇంజెక్టరు రిటర్ను ఒక్కో సీసాలో పట్టించి పోల్చండి. ఒకటే ఎక్కువ వదిలితే దాన్నే బాగుచేయించండి, అన్నీ మార్చమంటే ఒప్పుకోకండి. అన్నీ సమానంగా ఉంటే పంపును పరీక్షించాలి. కాలే పంపు మీద చల్లనీళ్లు మాత్రం పోయకండి, పట్టేసే ప్రమాదం ఉంది.