ఓటీపీ రాకపోతే, మెసేజ్ ఆగిపోతే ఏం చూసుకోవాలి?
పథకాల యాప్‌లు, వెబ్‌సైట్లు వాడే లబ్ధిదారులకు వివరణ – పాయకరావుపేట మండలం

“అందరికీ డబ్బులు పడినట్టు మెసేజ్ వచ్చింది. నాకు రాలేదు. నా పేరు తీసేశారా?”

పథకం డబ్బు విడుదలైన ప్రతిసారీ చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది. మెసేజ్ రాకపోవడం ఒక విషయం, డబ్బు రాకపోవడం ఇంకో విషయం. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ ఈ-కేవైసీ పూర్తి కాకపోతే మాత్రం డబ్బు నిజంగానే ఆగుతుంది. మీ ఇబ్బంది ఏ రకమో ముందు తెలుసుకుంటే సగం పని అయినట్టే.

1. రెండు రకాల ఇబ్బందులు

గుర్తింపు ఇబ్బంది: ఓటీపీ రావట్లేదు, వేలిముద్ర పడట్లేదు, ముఖం తీసుకోవట్లేదు, లాగిన్ అవ్వట్లేదు. “ఈ మనిషి మీరేనా?” అని సర్వర్ అడుగుతోంది, జవాబు దానికి చేరట్లేదు. దీన్ని వాయిదా వేయకండి. పీఎం కిసాన్‌లో ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా వస్తాయి. ఈ-కేవైసీ లేకపోతే విడత ఆగుతుంది.

సమాచారం ఇబ్బంది: యాప్ మామూలుగానే తెరుచుకుంటుంది, నోటిఫికేషన్లు మాత్రం రావట్లేదు. దీనివల్ల మీ డబ్బుకు నష్టం లేదు. ఖాతాలో పడే సొమ్ము మీ ఆధార్‌కు జతైన బ్యాంకు ఖాతాకు నేరుగా వెళుతుంది, మీ ఫోన్‌ను అడిగి వెళ్లదు. ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటికే వచ్చి ఇస్తారు, దానికీ నోటిఫికేషన్‌తో పని లేదు. అనుమానం ఉంటే పాస్‌బుక్ ఎంట్రీ వేయించి చూడండి. ఖాతా చెప్పేదే అసలు మాట.

2. మెసేజ్ మూడు దారుల్లో వస్తుంది

మీ వివరాలు ఫోన్‌లో ఉండవు, దూరంగా ఉన్న సర్వర్‌లో ఉంటాయి. ఫోన్‌లో ఉన్న యాప్ కిటికీ లాంటిది. ఆ సర్వర్ నుంచి మీ దగ్గరకు మాట వచ్చే దారులు మూడు.

ఎస్ఎంఎస్: సిమ్ కంపెనీ టవర్ ద్వారా వస్తుంది. నెట్ అక్కర్లేదు. ఆధార్ ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చే దారి ఇదే.

యాప్ నోటిఫికేషన్: నెట్ ద్వారా వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ యాప్‌ల నోటిఫికేషన్లు గూగుల్ వారి ఫైర్‌బేస్ అనే సేవ మీదుగా ఫోన్‌కు చేరతాయి.

వాట్సాప్: ఇదీ నెట్ ద్వారానే, కానీ వేరే దారి. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ సేవ (నంబరు 9552300009) ఇలా పనిచేస్తుంది.

ఇది తెలిస్తే ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ఎస్ఎంఎస్ వస్తోంది, వాట్సాప్ రావట్లేదంటే డేటా చూసుకోండి. వాట్సాప్ వస్తోంది, ఓటీపీ రావట్లేదంటే సిమ్ గానీ, ఆధార్‌లో ఉన్న నంబరు గానీ చూసుకోండి. రెండూ వస్తున్నాయి, ఒక్క యాప్ మాత్రమే మౌనంగా ఉందంటే ఆ యాప్ సెట్టింగ్స్ చూడాలి.

3. ఓటీపీ రావట్లేదు – ఈ వరుసలో చూడండి

(1) ఆధార్‌లో ఏ నంబరు ఉంది? ఓటీపీ మీ చేతిలో ఉన్న ఫోన్‌కు కాదు, ఆధార్‌లో రాయించిన నంబరుకు వెళుతుంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో ‘చెక్ ఆధార్ వాలిడిటీ’ అనే చోట ఆధార్ నంబరు కొడితే, జతైన మొబైల్ నంబరు చివరి మూడు అంకెలు కనిపిస్తాయి. దీనికి ఓటీపీ అక్కర్లేదు.

(2) ఆ నంబరు పాతదా? వాడకుండా వదిలేసిన సిమ్‌ను కంపెనీ రద్దు చేస్తుంది. రద్దయ్యాక 90 రోజులు దాటితే ఆ నంబరును వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. అప్పుడు మీ ఆధార్ ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌లో మోగుతుంది. అందుకే పాత నంబరును ఆధార్‌లో ఉంచకూడదు. ఆధార్ కేంద్రానికి మీరే వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్పించుకోవచ్చు. 2025 అక్టోబరు 1 నుంచి దీని రుసుము 75 రూపాయలు. ఆధార్ మార్పు దేశంలో ఏ కేంద్రంలోనైనా చేస్తారు. తాండవ వంతెన దాటి తునిలో చేయించుకున్నా చెల్లుతుంది, వేరే జిల్లా అని భయపడక్కర్లేదు.

(3) సిమ్ కొత్తగా మార్చారా? పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకుంటే, మోసాలు జరగకుండా మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపి ఉంచుతారు. ఒక రోజు ఆగి మళ్లీ ప్రయత్నించండి.

(4) మెసేజ్ బాక్స్ నిండిందా, నంబరు బ్లాక్‌లో ఉందా? ‘స్పామ్’, ‘బ్లాక్డ్’ ఫోల్డర్లు కూడా తెరిచి చూడండి.

(5) పదే పదే నొక్కకండి. ఎక్కువసార్లు అడిగితే సర్వర్ మీకు ఓటీపీ పంపడం కాసేపు ఆపేస్తుంది. ఒకసారి అడిగి, ఐదు నిమిషాలు ఆగండి. రెండు మూడు ఓటీపీలు ఒకేసారి వస్తే చివరగా వచ్చినదే వేయండి. ఆధార్ ఓటీపీకి 10 నిమిషాలే గడువు.

(6) సమయం మార్చి చూడండి. డబ్బు విడుదలైన రోజు రాష్ట్రమంతా ఒకేసారి యాప్ తెరుస్తుంది. తెల్లవారుజామున గానీ రాత్రి గానీ చూస్తే పని తేలిగ్గా అవుతుంది.

4. వేలిముద్ర, ముఖం పడట్లేదు

వల లాగే చేతులకు, కూలి పని చేసే చేతులకు గీతలు అరిగిపోతాయి. పెంటకోట వైపు మత్స్యకార కుటుంబాలకు ఇది బాగా తెలుసు. ఇందులో మీ తప్పేమీ లేదు. చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకుని వేరే వేలు పెట్టి చూడండి. కుదరకపోతే కంటిపాప గానీ ముఖం గానీ తీయమని సిబ్బందిని అడగండి.

పీఎం కిసాన్ యాప్‌లో ముఖంతో ఈ-కేవైసీ 2023 జూన్ నుంచి ఉంది. ఓటీపీ, వేలిముద్ర రెండూ కుదరని రైతులకు ఇది మంచి దారి. దీనికి ‘ఆధార్ ఫేస్ ఆర్డీ’ అనే ఇంకో యాప్ కూడా ఫోన్‌లో ఉండాలి. దాన్ని విడిగా తెరవాల్సిన పని లేదు, ఇన్‌స్టాల్ అయి ఉంటే చాలు. ముఖం మీద వెలుగు పడేలా నిలబడి, చెప్పినప్పుడు కళ్లు ఆర్పండి. వెనుక ఇంకొకరు ఉండకూడదు.

5. స్క్రీన్ మీద నంబరు వస్తే దాని అర్థం

‘ఎర్రర్’ అని వచ్చి పక్కన ఒక అంకె ఉంటే రాసుకోండి. ఆధార్ సర్వర్ ఇచ్చే అంకెల్లో తరచుగా కనిపించేవి:

111 – ఆధార్‌కు మొబైల్ నంబరు జత కాలేదు. ఆధార్ కేంద్రానికి వెళ్లాలి.
300 – వేలిముద్ర లేదా కంటిపాప సరిపోలలేదు. వేరే వేలు, వేరే పద్ధతి ప్రయత్నించాలి.
330 – మీ బయోమెట్రిక్ లాక్ అయి ఉంది. లాక్ తీస్తే గానీ ఎన్నిసార్లు వేలు పెట్టినా పడదు.
400 – ఓటీపీ తప్పు. అంకెలు సరిచూసుకోవాలి.
561, 562 – ఫోన్ లేదా మిషన్ గడియారం సరిగా లేదు. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ‘ఆటోమేటిక్’ చేయాలి.
811 – ఆ బయోమెట్రిక్ ఆధార్‌లో నమోదు కాలేదు. ఆధార్ కేంద్రంలో వేయించాలి.
998 – ఆధార్ నంబరు తప్పుగా కొట్టారు, లేదా అది చెల్లట్లేదు.

చూడండి: 330 వచ్చిన మనిషి పది సార్లు వేలు నొక్కినా లాభం లేదు. 562 వస్తే గడియారం సరిచేస్తే పని అయిపోతుంది. రెండూ ‘పడట్లేదు’ అనే మాటలోనే కలిసిపోతాయి. అందుకే అంకె రాసుకోమనేది.

6. యాప్ తెరుచుకుంటుంది, నోటిఫికేషన్ రాదు

ముందు పర్మిషన్ చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న యాప్ “నోటిఫికేషన్లు పంపవచ్చా?” అని అడుగుతుంది. అప్పుడు ‘వద్దు’ నొక్కితే ఇక రావు. సెట్టింగ్స్ – యాప్స్ – ఆ యాప్ పేరు – నోటిఫికేషన్స్ – ఆన్ చేయండి.

తర్వాత బ్యాటరీ సెట్టింగ్ చూడండి. ఛార్జింగ్ ఆదా కోసం ఫోన్ కొన్ని యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి. ‘ఫోర్స్ స్టాప్’ నొక్కిన యాప్‌కు, మళ్లీ మీరే తెరిచేదాకా నోటిఫికేషన్ రాదు. నెలల తరబడి తెరవని యాప్ పర్మిషన్లను ఫోన్ తానే తీసేస్తుంది. అందుకే నెలకు ఒక్కసారైనా తెరవండి.

ఇప్పుడు అసలు సంగతి. యాప్ వేసుకున్నప్పుడు మీ ఫోన్‌కు ‘టోకెన్’ అనే గుర్తు ఒకటి ఇస్తారు. నోటిఫికేషన్‌కు అదే చిరునామా. యాప్ తీసేసి మళ్లీ వేసినా, డేటా క్లియర్ చేసినా, కొత్త ఫోన్ కొన్నా టోకెన్ మారిపోతుంది. మీరు మళ్లీ లాగిన్ అయ్యేదాకా సర్వర్ పాత చిరునామాకే పంపుతూ ఉండవచ్చు. ఫైర్‌బేస్‌లో 270 రోజులు కదలిక లేని ఆండ్రాయిడ్ టోకెన్ గడువు తీరినట్టే లెక్క. కాబట్టి ఏ చిన్న ఇబ్బందికైనా “యాప్ తీసేసి మళ్లీ వెయ్” అనే సలహా మొదట పాటించొద్దు, అది చివరి మందు. అలా చేస్తే తప్పక మళ్లీ లాగిన్ అవ్వండి. దానికి ఓటీపీ కావాలి గనుక, ఆధార్ నంబరు పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి.

ఒకే ఫోన్ – ముగ్గురు లబ్ధిదారులు: అమ్మమ్మకు పింఛను, నాన్నకు అన్నదాత సుఖీభవ, అమ్మకు తల్లికి వందనం. ఇంట్లో ఫోన్ ఒకటే. చాలా యాప్‌లలో చివరగా లాగిన్ అయినవారి పేరు మీదే నోటిఫికేషన్ వస్తుంది. మిగతా ఇద్దరికి రాకపోవడం మామూలే. ఒక్కొక్కరి స్థితి విడివిడిగా చూసుకోవాలి.

వేటకు వెళ్లేవారికి: సముద్రంలో టవర్ ఉండదు. ఒడ్డుకు వచ్చి నెట్ ఆన్ చేశాక ఆగిన నోటిఫికేషన్లు వరుసగా వస్తాయి. ఫైర్‌బేస్ వాటిని గరిష్ఠంగా నాలుగు వారాలు దాచి ఉంచుతుంది. ఓటీపీ అలా కాదు, గడువు దాటితే చెల్లదు. అందుకే ఈ-కేవైసీ పని ఒడ్డున ఉన్న రోజునే పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలం దీనికి అనువైన సమయం.

7. వెబ్‌సైట్‌లో చూసేవారికి

‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తే మీ దరఖాస్తు పోయిందని అర్థం కాదు. కాసేపు కదపకుండా ఉంచితే భద్రత కోసం సైట్ మిమ్మల్ని బయటకు పంపుతుంది. మళ్లీ లాగిన్ అవ్వండి. మధ్యలో ‘బ్యాక్’ నొక్కకండి, ఒకే పేజీని రెండు చోట్ల తెరవకండి. జిల్లా ఎంచుకునే చోట అనకాపల్లి చూడండి. మన మండలం 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లాలోకి వచ్చింది. లిస్టులో అది కనిపించకపోతే పాత జిల్లా విశాఖపట్నం కింద వెతకండి.

పని అయ్యాక లాగౌట్ తప్పనిసరి, ముఖ్యంగా నెట్ సెంటర్‌లో.

8. ఓటీపీ అంటే మీ వేలిముద్రే

ఓటీపీ రాక విసిగిపోయిన మనిషికే మోసగాడి ఫోన్ బాగా పనిచేస్తుంది. “మీ కేవైసీ ఆగింది, నేను చేసిపెడతా, వచ్చిన నంబరు చెప్పండి” అంటాడు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసి ఇస్తామా? ఓటీపీ చెప్పడం కూడా అంతే. మీరు అడగకుండా వచ్చిన ఓటీపీని ఎవరికీ చెప్పకండి. సచివాలయంలో మీరు ఎదురుగా కూర్చుని అడిగించుకున్న ఓటీపీ మీరే చూసి, మీరే కొట్టండి.

వాట్సాప్‌లో ‘ఏపీకే’ అని చివర ఉన్న ఫైల్ వస్తే, దాని మీద పీఎం కిసాన్ అని రాసి ఉన్నా తెరవకండి. అలాంటి ఫైల్ మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీని అటువైపు పంపేయగలదు. యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. ప్రభుత్వ ఎస్ఎంఎస్‌కు పంపినవారి పేరు చివర అడ్డగీత పక్కన ‘జి’ అక్షరం ఉంటుంది. పదంకెల మామూలు నంబరు నుంచి “పథకం కేవైసీ” అని వస్తే అనుమానించాల్సిందే.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

9. ఇవన్నీ చూసినా కాకపోతే

సచివాలయానికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఏ పథకం, ఏ యాప్ లేదా వెబ్‌సైట్, ఏ రోజు, ఎన్ని గంటలకు, స్క్రీన్ మీద వచ్చిన మాట, అంకె ఉన్నదున్నట్టు, ఆధార్‌లోని మొబైల్ చివరి మూడు అంకెలు. స్క్రీన్‌షాట్ ఉంటే మంచిది, కానీ ఆధార్ నంబరు కనపడే స్క్రీన్‌షాట్ గ్రూపుల్లో పెట్టకండి. “యాప్ పనిచేయట్లేదండీ” అంటే సిబ్బంది మొదటి నుంచి వెతకాలి. “నిన్న ఉదయం పదింటికి 330 వచ్చిందండీ” అంటే నేరుగా పనిలోకి దిగుతారు.

సాయం కోసం నంబర్లు:
ఆధార్ విషయాలు – 1947
పీఎం కిసాన్ – 155261
రాష్ట్ర ప్రభుత్వానికి ఫిర్యాదు – 1100
సైబర్ మోసం – 1930

గమనిక: ఈ పీడీఎఫ్‌లో ఎక్కడా నొక్కాల్సిన లింకు లేదు. ఇదే పేరుతో లింకు ఉన్న కాగితం వస్తే అది ఇది కాదు. ఇంట్లో చదవడం రాని పెద్దలకు 3, 8 భాగాలు చదివి వినిపించండి.