దుమ్ముకు కళ్లెం వేసే ట్యాంకర్: ఎంపిక వెనుక లెక్కలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. దానికి ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి, సున్నపురాయి నందిని గనుల నుంచి అందుతూ వచ్చాయి. గనుల్లో డంపర్లు తిరిగే దారులు సాధారణంగా తారు లేని గ్రావెల్ రోడ్లే. టైర్ల కింద రాయి నలిగి పొడి అవుతుంది, బండి వేగానికి అది గాలిలోకి లేస్తుంది. 10 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు శ్వాసతో లోపలికి పోతాయి. మరీ సన్ననివి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. వాటిలో సిలికా ఉంటే, ఏళ్ల తరబడి పీల్చేవారికి నయం కాని సిలికోసిస్ రావచ్చు.

ఏం చల్లుతారు?

నీళ్లు చౌక, కానీ ఎండాకాలంలో త్వరగా ఆరిపోతాయి. మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం గాలిలోని తేమను పీల్చుకుని రోడ్డును చెమ్మగా ఉంచుతుంది. అయితే గాలిలో తేమ దాదాపు మూడో వంతుకు తగ్గితే అది పీల్చుకోలేదు. వానకు కొట్టుకుపోతుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

బరువు

30 శాతం మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం లీటరు సుమారు 1.3 కిలోలు తూగుతుంది. 10,000 లీటర్ల నీళ్ల బరువు 10 టన్నులైతే, అంతే ద్రావణం బరువు 13 టన్నులు. నీళ్ల కోసం కొన్న ట్యాంకరును ద్రావణంతో నిండా నింపితే లారీపై అధిక భారం పడుతుంది. లోపల తుప్పు పట్టని పూత, మలుపుల్లో ద్రవం ఊగిపోకుండా అడ్డుపలకలు ఉండాలి.

పంపు, వేగం

పంపు లేకుండా కిందికి వదిలే ట్యాంకరులో మట్టం తగ్గేకొద్దీ ధార తగ్గుతుంది. నాజిల్ పైన ద్రవం ఎత్తు నాలుగో వంతుకు పడిపోతే ధార సగమవుతుంది. అంటే రోడ్డు మొదట బురద, చివర దుమ్ము! అందుకే పంపు, ప్రవాహ మీటరు అవసరం.

లెక్క తేలికే: చదరపు మీటరుకు 2 లీటర్లు, వెడల్పు 4 మీటర్లు, వేగం గంటకు 6 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 100 మీటర్లు. కావలసిన ప్రవాహం 2×4×100 = నిమిషానికి 800 లీటర్లు. 10,000 లీటర్లతో 1,250 మీటర్ల రోడ్డు తడుస్తుంది. పంపు అదే ఉండగా డ్రైవరు వేగాన్ని రెట్టింపు చేస్తే, రోడ్డుకు అందేది సగమే.

నాజిల్ నుంచి మంచులాంటి తుంపర రాకూడదు, గాలికి కొట్టుకుపోతుంది. పెద్ద చుక్కలు నేలకు చేరతాయి. అలాగని అతిగా తడిపితే, బరువైన డంపర్లు బ్రేకు వేసినప్పుడు జారుతాయి. మంచి ట్యాంకరంటే ఎక్కువ పోసేది కాదు, సమంగా పోసేది.